పన్నెండు గంటల రీడింగు

ముప్పై రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకున్న మనిషికి, పిల్లి చెవిలోంచి ఒక్క బొట్టు రక్తం తీసి అంకె రాయడం ఎంత పని? ఆయనా అదే అన్నాడు. "ఇంతోటి దానికి నేర్పించాలామ్మా? నా బతుకంతా మీటర్లతోనే గడిచింది" అని పశువుల డాక్టరమ్మ దగ్గర గొప్పలు పోయాడు. వీధి వీధంతా ఆయన్ని మీటరాయన అనేది ఊరికే కాదు మరి.

పిల్లి పేరు దొరసాని. పదకొండేళ్ళది. మీటరాయన భార్య ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడ మాసిన దుప్పట్ల మూటలో దొరికిన కూనని ఆవిడే ఇంటికి తెచ్చింది. తెచ్చింది ఆవిడైనా అది మరిగింది మాత్రం ఆయనకే. ఆయన కుర్చీలో కూర్చోవడం ఆలస్యం, ఒళ్ళోకెక్కి ముద్దలా పడుకునేది. అలాంటిది ఈ మధ్య గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగుతూ, తిన్నది ఒంటికి పట్టక ఎముకల గూడైపోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి షుగరంది.

మొగుడూ పెళ్ళాం పని పంచుకున్నారు. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ ఇన్సులిన్ సూది ఆవిడ వంతు. మధ్యాహ్నం పన్నెండింటికి రక్తం చూడటం ఆయన వంతు, ఆ వేళప్పుడు ఇంట్లో ఉండేది ఆయనే గనక.

"సూది వేసిన ఆరు గంటలకి షుగరు బాగా దిగుతుంది అంకుల్. ఆ అంకెని బట్టే డోసు పెంచాలో తగ్గించాలో చెప్తాను. అదొక్కటీ తప్పకుండా చూడండి" అంది డాక్టరమ్మ. ఆయన పుస్తకంలో రాసిన అంకెల్ని ఆదివారం ఆదివారం భార్య ఫోనులో డాక్టరమ్మకి చదివి వినిపించాలి. మొదటి డోసు ఒక్క యూనిట్.

నాలుగు రోజులు సవ్యంగా జరిగింది. మూడొందల పది, రెండొందల తొంభై, రెండొందల అరవై, రెండొందల నలభై. ఐదో రోజు షుగరు మీటరున్న సొరుగు లాగిన చప్పుడు వినగానే దొరసాని మంచం కిందికి దూరింది. ఆయన బోర్లా పడుకుని చెయ్యి చాపితే మణికట్టు మీద బర్రున గీరింది. గీరితే గీరింది, దానికి ఆయనేం బాధపడలేదు. ఆ సాయంత్రం ఆయన కుర్చీ వైపు కన్నెత్తి చూడకుండా వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంది చూశారూ, అదీ ఆయనకి పట్టిన దిగులు. అన్నం పెట్టి, అది తింటూ ఉండగా మెడ వెనక చర్మం పట్టుకుని ఆవిడ సూది వేస్తే దానికి తెలిసేదే కాదు. చెవిలో పొడిచే ఆయనేమో యముడైపోయాడు.

ఆరో రోజు పన్నెండింటికి ఆయన సొరుగు తెరవలేదు. ఉద్యోగంలో తాళం వేసిన ఇల్లు తగిలితే ఏం చేసేవాడు? వెనకటి నెలల సగటు వేసేవాడు. అది అబద్ధం కాదు, ఆఫీసువాళ్ళు నేర్పిన పద్ధతే. ఆ ఇంటివాళ్ళు ఊరినుంచి వచ్చి తలుపు తీస్తే హెచ్చుతగ్గులు సర్దుకునేవి. ఇక్కడా నాలుగు అంకెల సగటు రెండొందల డెబ్బై ఐదు వచ్చింది. రోజూ ఒకటే అంకె వేస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది గదా! ఒకరోజు రెండొందల ఎనభై రెండు, ఒకరోజు రెండొందల అరవై తొమ్మిది. ఆ చేతివాటం ఎక్కడికి పోతుంది?

మూడు రోజులకి దొరసాని మళ్ళీ ఆయన ఒళ్ళోకి వచ్చింది. మీటరాయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఇంకా దిగలేదాండీ? ఒకటిన్నర చేయండి" అంది డాక్టరమ్మ ఫోనులో. తర్వాతి ఆదివారం రెండు. ఆ తర్వాత రెండున్నర. "ఇంత మందు పోస్తున్నా లొంగదేమిటండీ మాయదారి జబ్బు" అని భార్య కళ్ళు ఒత్తుకుంది. చెప్పేద్దామని ఆయనకి నోటిదాకా వచ్చింది. ఇన్నాళ్ళూ రాసినవన్నీ ఏమిటని అడుగుతుంది. ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

దొరసాని రోజంతా నిద్రపోతోంది. లేస్తే ఆబగా తింటోంది. ఒకనాడు గుమ్మం దాటబోతూ వెనక కాళ్ళు తడబడి కూలబడితే, "తాగొచ్చావుటే?" అని ఆయన నవ్వాడు కూడా. నవ్వాడండీ, ఆ మహానుభావుడు! ఆ సంగతి పుస్తకంలో రాయలేదు. నాలుగో ఆదివారం డోసు మూడయింది.

మంగళవారం పన్నెండు దాటింది. ఒళ్ళో పడుకున్న దొరసాని ఒక్కసారిగా బిగుసుకుపోయి, కింద పడి కాళ్ళు కొట్టుకుంది. నోట్లోంచి నురగ.  ఆయన ఎలాగో సొరుగు లాగి చెవిలో పొడిచాడు. ఈసారి అది కదల్లేదు. మీటరు మీద అంకె ఇరవై ఆరు.

చిగుళ్ళకి తేనె రాశాడు. దాన్నీ మీటరునీ పుస్తకాన్నీ బుట్టలో వేసుకుని పరుగున క్లినిక్కి చేరాడు. కబురందుకుని భార్య పనిలో కట్టుకున్న ఏప్రన్‌తోనే వచ్చేసింది, ఒళ్ళంతా బ్లీచింగ్ వాసన. అప్పటికి డాక్టరమ్మ గ్లూకోజు ఎక్కిస్తోంది. అరగంట ఎక్కించింది. తర్వాత సూది తీసేసి, దొరసాని తల మీద చెయ్యి ఉంచి, "ఇంక లేదమ్మా" అంది.

"నేనే చంపాను" అంది భార్య. "పొద్దున కళ్ళజోడు తుడుచుకోలేదు. ఒక గీత ఎక్కువ లాగానేమో. నా చేతులు పడిపోనూ! ఇంక జన్మలో సూది ముట్టుకోను."

"మీ తప్పు కాదమ్మా, పెంచమన్నది నేను" అంది డాక్టరమ్మ. పుస్తకం తిరగేసింది. "నిన్నటిదాకా రెండొందల డెబ్బైలు, ఇవాళ ఇరవై ఆరు. ఇదేం లెక్క? మీటరు పాడైందా అంకుల్?"

"అదే అయ్యుంటుందమ్మా. ఈ మీటర్లని నమ్మడానికి లేదు" అన్నాడాయన. మీటరు తప్పు చెప్పదండీ అని ముప్పై రెండేళ్ళు గుమ్మం గుమ్మానా పోట్లాడిన మనిషి.

"సరిచూద్దాం. పాత రీడింగులన్నీ ఇందులోనే ఉంటాయి" అని డాక్టరమ్మ మీటరు పక్కనున్న బొత్తాం నొక్కింది. అలాంటి బొత్తాం ఒకటుందని ఆయనకి తెలియదు. ఆవిడ నొక్కుతూ పోయింది, ఐదు అంకెల తర్వాత ఇంకేం రాలేదు. మళ్ళీ మొదటినుంచి నొక్కింది. మీటరు బల్ల మీద పెట్టి ఆయన వైపు చూసింది.

"ఏమైందమ్మా? పాడైందా?" అంది భార్య.

 గోడవైపు చూస్తూ ఆయనే చెప్పాడు. "మొదటి నాలుగూ చూశాను. ఇవాళ్టిది చూశాను. మిగతావి సగటు వేశాను. దానికి నొప్పి పెట్టలేకపోయానే."

 భార్య అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"నొప్పి పెట్టలేకపోయారా? దాని దగ్గర మీరు మంచివారనిపించుకోవాలి. అందుకని నా చేత చంపించారు. పూటపూటా అన్నం పెట్టి, వీపు నిమిరి, బతకాలి తల్లీ అంటూ ఈ చేత్తో పొడిచాను."

ఏప్రన్ విప్పి దొరసానిని అందులో చుట్టి ఎత్తుకుంది. మీటరాయన రెండు చేతులూ చాపాడు. "ఒక్కసారి ఇలా ఇవ్వవే."

"చాల్లెండి. నెల్లాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నారుగా" అని ఆవిడ ఆయన పక్కనుంచే బయటికి నడిచింది.