దొడ్డమ్మకు అభ్యంతరం లేదు

మా కంపెనీని బెంగళూరులో రిజిస్టరు చేయించమని నన్నెవరూ బతిమాలలేదు. అది పూర్తిగా నా సొంత తెలివి. నేనుండేది సరిహద్దుకు ఇవతల తమిళనాడులోని హోసూరులో, మామిడిగుజ్జు తీయించాలనుకున్నది బర్గూరు పక్క ఫ్యాక్టరీలో, కాయ కొనాలనుకున్నది మత్తూరు చుట్టుపక్కల తోటల్లో. కానీ విజిటింగ్ కార్డు మీద హోసూరు అని కనబడితే కొనేవాడు చిన్నచూపు చూస్తాడని నాకు గట్టి నమ్మకం. అందుకని బెంగళూరులో ఎవరి ఆఫీసులోనో ఒక బల్ల అద్దెకు తీసుకున్నాను. రోజూ గంటన్నర బస్సులో నిలబడి వెళ్ళి, ఆ బల్ల ముందు కూర్చుని, హోసూరులో ఉన్నవాళ్ళకు ఫోన్లు చేసేవాడిని. మా ప్రాంతంలో తోతాపురి కాయను బెంగళూరా అంటారు. పండేది ఇక్కడ, పేరు అక్కడిది. నాకూ దానికీ తేడా ఒక్కటే, కాయ ఎవరికైనా పనికొస్తుంది.

దొడ్డమ్మ మా అమ్మకు అక్క. ఐదో ఏట నుంచి నన్ను పెంచింది ఆమే. మత్తూరు దగ్గర ఆమెకు నాలుగెకరాల తోట ఉంది. పన్నెండేళ్ళుగా ఆ కాయను బర్గూరు వ్యాపారి కేశవులు తీసుకుంటున్నాడు. ఈ ఏడాది పిందె నిలవగానే నేను వెళ్ళి, "కేశవులుకి ఇయ్యొద్దు దొడ్డమ్మా, మన కంపెనీనే తీసుకుంటుంది" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆమె కేశవులును వాకిట్లోంచే పంపేసింది. ఆయన వేరే తోట మాట్లాడుకున్నాడు. ఇక తోటలో కాయంతా నా మాటను నమ్ముకుని వేలాడుతోంది.

అప్పుడు గానీ నేను మా ఆడిటర్ మధుమిత దగ్గరికి పోలేదు.

"కాయ యాడ దించుకుంటారు సార్?" అని అడిగింది.

"మత్తూరులో, మా దొడ్డమ్మ షెడ్డులో."

"అయితే తమిళనాడులో వేరేగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవల్ల. మీ కంపెనీ కర్ణాటకది."

"నేను ఈడోణ్ణే కదమ్మా?"

"మీరు ఈడోళ్ళే సార్. కంపెనీ కాదు."

షెడ్డు కరెంటు బిల్లు కావాలి, వాకిట్లో కంపెనీ బోర్డు ఉండాలి, స్థలం యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలి. అధికారి ఒకసారి వచ్చి చూసిపోవచ్చునంది. పత్రం పట్టుకుని దొడ్డమ్మ దగ్గరికి పోయాను. "ఏముందప్పా దీంట్లో?" అంది. "ఏం లేదు, సంతకం పెట్టు" అన్నాను. పెట్టింది. బోర్డు తగిలించి, కంపెనీ యజమాని హోదాలో నేను మళ్ళీ నా అద్దె బల్ల దగ్గరికి చేరుకున్నాను.

వారం తర్వాత ఫోను వచ్చింది.

"గోపీ, ఫైలు పట్టుకోని ఒకాయన వచ్చినాడప్పా. కంపెనీ యాడుంది, గోపీనాథ్ ఎవరు అని అడిగినాడు. ఈడ ఏ కంపెనీ లేదు సామీ, ఆ పేరే నేను విన్లేదు అని చెప్పినాను. ఆయన బండి దిగేలోపలే బోర్డు పీకి గడ్డివాములో దూర్చేసినాను. నువ్వు నేర్పిచ్చినట్లే చేసినాను." ఆమె గొంతులో పరీక్ష పాసైన పిల్ల సంతోషం ఉంది.

నేర్పింది నేనే. ఆరేళ్ళ కిందట ఫ్యాక్టరీలకు భూములు కొలుస్తారని పుకారు లేచినప్పుడు, ఊరందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఫైలుతో ఎవరొచ్చినా తెలీదనాలి, మాది కాదనాలి, అట్లాంటోడు ఈడ లేడనాలి. ఆ రోజు నా ప్రసంగానికి చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత ఊరంతా మరిచిపోయింది, దొడ్డమ్మ తప్ప.

అప్లికేషన్ తిరస్కరించారు. "ఓనరమ్మే మీరెవరో తెలీదనింది సార్" అని మధుమిత నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "మళ్ళీ మొదట్నించీ వెయ్యల్ల."

కొత్త పత్రంతో నేను వెళ్ళేసరికి కాయ ముదిరి రాలడం మొదలైంది. దొడ్డమ్మ చెట్ల కింద వంగి, రాలినవాటిని గంపలోకి ఏరుతోంది. జరిగింది చెప్పాను. ఆమె గంప కింద పెట్టేసింది.

"నేనేనా చెడిపినాను?"

"నువ్వు కాదు దొడ్డమ్మా. నేనే."

ఆ ఏడాది మొత్తంలో నేను చెప్పిన నిజం అదొక్కటే. ఇంకో పది రోజులు దాటితే ఆ కాయ గుజ్జుకు కూడా పనికిరాదు. కేశవులును మళ్ళీ పిలుద్దామంటే ఆమెకు ముఖం లేకుండా చేసింది కూడా నేనే.

"ఈ తూరి చదివి చెప్పు, అప్పుడు పెడతాను" అంది.

చదివాను. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన ఈ కంపెనీ నా స్థలంలో వ్యాపారం చేసుకోవడానికి నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు.

"వేరే రాష్ట్రం అంటే ఎవరప్పా?"

"నేనే."

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు అన్నం తిని పెరిగింది ఈ ఇంట్లోనే కదరా. నువ్వు లోపలికి వచ్చేదానికి నా సంతకం కావాల్నా?"

"రూలు దొడ్డమ్మా."

పెట్టింది. నాకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో, రాలేదు. వెంటనే మళ్ళీ పాఠం మొదలుపెట్టాను. "ఈ తూరి ఆయన ఏం అడిగినా ఈ కాయితంలో ఉండేదే చెప్పు. ఒక్క మాట ఎక్కువ వద్దు."

ఆరో రోజు పొద్దున అధికారి వచ్చాడు. గడ్డి దులిపి మళ్ళీ తగిలించిన బోర్డు పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. షెడ్డు చూశాడు, బిల్లు చూశాడు. చివరికి దొడ్డమ్మ వైపు తిరిగి, ఈయన మీకేమవుతాడని తమిళంలో అడిగాడు.

దొడ్డమ్మ కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. నా వైపు చూడలేదు. నాకేమీ కాడు సామీ, వేరే రాష్ట్రం కంపెనీ, నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు అని తమిళంలోనే, ఒక్క మాట తడబడకుండా అప్పజెప్పింది.

ఆయన రాసుకున్నాడు. రెండు మూడు రోజుల్లో నంబరు వచ్చేస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు. కాయ చేయి దాటకముందే పని అయినట్టే. ఎగిరి గంతెయ్యాల్సిన సమయం. నేను బోర్డు పక్కనే నిలబడిపోయాను.

బండి మలుపు తిరిగేదాకా ఆగి, దొడ్డమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"సరిగ్గా చెప్పినానా గోపీ?"

"సరిగ్గానే చెప్పినావు దొడ్డమ్మా" అన్నాను. ఆమె గంప తీసుకుని, రాలిన కాయలు ఏరడానికి చెట్ల కిందికి నడిచాను.