కావాలని మరిచిన సంచి

ముందు తలుపు చూడాలి, మనుషుల్ని తర్వాత చూడొచ్చు అన్నది ఆ తల్లి సిద్ధాంతం. గడియ లోపలినుంచి గట్టిగా పడుతుందా, కిటికీ ఊచల మధ్య చెయ్యి దూరుతుందా, గ్యాసుబండ ఎక్కడ పెట్టారు, మెట్లకు కమ్మీ ఉందా, ఇవన్నీ తేలాకే ఆమె ఎవరి మొహమైనా చూసేది. "పిల్ల తుమ్మితే చాలు, మా చెల్లెలు ఆస్పత్రికెళ్ళి మంచం పట్టుకుని కూర్చుంటుంది" అని అన్నయ్య నలుగురిలో నవ్వేవాడు. ఆమె నొచ్చుకునేది కాదు. మంచం దొరకనివాళ్ళ గతి అన్నయ్యకేం తెలుసు అనుకునేది.

ఆ పిల్లకిప్పుడు పంతొమ్మిదేళ్ళు. కాలు పోయినవాళ్ళకు కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో రెండేళ్ళ శిక్షణకు సీటొచ్చింది. వచ్చి వచ్చి ఇంత పెద్ద నగరంలో వచ్చింది. హాస్టలు లేదు. ఊళ్ళో కొన్ని కుటుంబాలు తమ ఇంట్లోనే ఒక గది ఇచ్చి, తాము తినేదే పెట్టి, శిక్షణకొచ్చిన పిల్లల్ని ఇంటిమనుషుల్లా ఉంచుకుంటాయి. వర్క్‌షాపు గుమాస్తా అలాంటివి రెండు చిరునామాలు చేతిలో పెట్టి, సాయంత్రం ఐదులోగా ఏదో ఒకటి ఫారంలో రాయాలనీ, లేకపోతే సీటు తర్వాతివాళ్ళకు పోతుందనీ చెప్పాడు. వీళ్ళు బయల్దేరేటప్పుడే భర్త తేల్చేశాడు: మనసొప్పితే ఉంచిరా, లేకపోతే వెంటబెట్టుకురా. అంటే పిల్ల చదువంతా తల్లి మనసు కుదుటపడటం మీద ఆధారపడింది. అది కుదుటపడగా ఇంతవరకు ఎవరూ చూడలేదు.

కొత్త ఇళ్ళను పరీక్షించడానికి ఆమె దగ్గరొక కిటుకుంది. పిల్లను మొదటిసారి బడిలో వేసినప్పుడు కనిపెట్టింది. వచ్చేటప్పుడు సంచి కావాలని వదిలేసి, అరగంటకు చెప్పాపెట్టకుండా తిరిగెళ్ళాలి. ఎదుట కూర్చున్నంతసేపు అందరూ వెన్నముద్దలే, మన వెనకాల తలుపు పడ్డాక అసలు రంగు బయటపడుతుందని ఆమె నమ్మకం. ఈసారి సంచిలో తన బీపీ మాత్రలు, నీళ్ళసీసా వేసింది. నిజంగా మరిచిపోయినట్టు ఉండాలని పిల్ల నోటుపుస్తకం కూడా పడేసింది. ఆ సంగతి పిల్లకు చెప్పలేదు.

మొదటి ఇల్లు మూడో అంతస్తు. ఇల్లాలు గడియారాలు బాగుచేస్తుంది. కిటికీ పక్క బల్ల మీద విప్పిన గడియారాలు, మూతల్లో ఆవగింజల్లాంటి మరలు. ఆమె భర్త సిటీబస్సు డ్రైవరు, డ్యూటీకి వెళ్ళాడు. చెవులు వినపడని అత్తగారొకావిడ పేపరు చదువుకుంటూ తలెత్తి నవ్వి మళ్ళీ పేపర్లో దూరింది. గడియారాలావిడ గది చూపించింది, బాత్‌రూము చూపించింది, ఎనిమిదింటికి భోజనాలంది, ఆలస్యమైతే మూతపెట్టి ఉంచుతామంది. అంతే, మళ్ళీ బల్లముందు కూర్చుంది. తల్లి పదిహేడు ప్రశ్నలు తెచ్చుకుంటే నాలుగు ప్రశ్నలకే మాటలు అయిపోయాయి.

అరగంటకు తిరిగెళితే సంచి తలుపు పక్క కొక్కేనికి వేలాడుతోంది. గడియారాలావిడ తీసి చేతికిచ్చింది. ఏముందో చూడలేదా అని తల్లి ఉండబట్టలేక అడిగేసింది.

"మీ సంచి కదండీ, నేనెందుకు చూస్తాను" అందావిడ.

మెట్లు దిగుతూ తల్లి గొణుక్కుంటూనే ఉంది. లోపల బాంబున్నా ఇలాగే కొక్కేనికి తగిలిస్తుందిట. రేపు పిల్ల జ్వరంతో మూలుగుతున్నా, మీ జ్వరం కదా అని ఊరుకుంటుందేమో.

రెండో ఇల్లు దర్జీ దంపతులది. నేలంతా గుడ్డముక్కలు, రెండు కుట్టుమిషన్లు, రెంటి చప్పుడునూ మించిన ఇల్లాలి గొంతు. గుమ్మంలోనే పిల్ల చెయ్యి పట్టుకుని, ఇంత సన్నగా ఉన్నావేంటి అమ్మడూ అంది. గడియ తనే వేసి చూపించింది. గ్యాసు రోజూ పడుకునేముందు రెండుసార్లు చూసుకుంటుందట. దానికి దర్జీ, "మూడోసారి నన్ను లేపి చూపిస్తుందండీ" అని మిషను ఆపకుండానే అందించాడు. వర్క్‌షాపునుంచి పిల్ల పది నిమిషాలు ఆలస్యమైతే ఎదురెళ్తానని ఆవిడ మాటిచ్చింది. తల్లికి తోడబుట్టినదాన్ని చూసినట్టయింది. సంచి వదలడం కూడా అనవసరమే అనిపించింది. అయినా అలవాటు కొద్దీ వదిలింది.

ఈసారి అరగంట కూడా పట్టలేదు. వీధి మలుపులోనే దర్జీ ఇల్లాలు మెడలో టేపు ఊగుతుండగా సంచి గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చింది. భర్తను సైకిలు మీద అటువైపు తరిమిందట.

"మాత్రలు చూశాక ప్రాణాలు ఉగ్గబట్టుకుని పరుగెత్తాను వదినగారూ. దారిలో కళ్ళు తిరిగి పడిపోతే దిక్కెవరని" అంది రొప్పుతూ. తర్వాత గొంతు తగ్గించి, పిల్ల బుగ్గ నిమిరింది. "పుస్తకం కూడా చూశాన్లే. మొదటి వారం ఏడుపొస్తుందని రాసుకున్నావు. ఫోన్లో గొంతు మామూలుగా ఉంచకపోతే అమ్మ రైలెక్కేస్తుందని కూడా. ఏం పర్లేదు అమ్మడూ, నీ పక్కనే పడుకుంటాను."

ప్రేమగానే అంది. తల్లికి మొదట గుండె నిండిపోయింది. ఆ తర్వాత పిల్ల మొహం చూసింది. అందులో రక్తం లేదు. నా పుస్తకం ఆ సంచిలోకి ఎలా వచ్చిందమ్మా అని కూడా ఆ పిల్ల అడగలేదు.

దర్జీ ఇల్లాలిని ఎలాగో పంపించి ఇద్దరూ బస్టాపు బల్ల మీద కూర్చున్నారు. మూడున్నరయింది. ఇంటికి తీసుకుపోవడానికి ఇంతకంటే సాకు అక్కర్లేదు. భయపడుతోందని స్వయంగా రాసుకుంది. భర్తకు ఆ ఒక్క ముక్క చెబితే చాలు.

"భయమేస్తోందని నాతో అనలేదేమే?" అంది తల్లి.

"అంటే తీసుకెళ్ళిపోతావు."

"భయమేస్తుంటే ఇక్కడ ఉండటమెందుకు మరి?"

"కాళ్ళు చెయ్యడం నేర్చుకోవాలని. భయం దాని దారిన అది ఉంటుందిలే." పిల్ల సంచిలోంచి పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఏడుపొస్తే ఒక్కదాన్నే ఏడ్చుకుంటే తగ్గిపోతుందమ్మా. నువ్వు చూస్తే నీకూ మొదలవుతుంది. అప్పుడు నా ఏడుపు పక్కనపెట్టి నిన్ను ఓదార్చాలి."

తల్లి కాదనబోయింది. ఆరేళ్ళప్పుడు తలుపు సందులో వేలు నలిగి, నెత్తురోడుతున్న చేత్తోనే ఈ పిల్ల, ఏడుస్తున్న తన వీపు తట్టడం గుర్తొచ్చింది. ఆ రోజు ఎంత బంగారుతల్లో అని వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. మురవాల్సిన విషయమేనా అని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు.

దర్జీ ఇల్లాలు మంచిది. అచ్చం తనలాంటిదే. చిక్కంతా అక్కడే ఉంది.

"ఏ ఇంట్లో ఉంటావు?" అని అడిగింది.

"మొదటిది."

"ఆవిడకి మనం వచ్చామో పోయామో కూడా పట్టదే."

"భోజనం మూతపెట్టి ఉంచుతానందిగా" అంది పిల్ల.

మూడంతస్తులూ ఎక్కి తలుపు కొట్టినప్పుడు తల్లి దగ్గర మిగిలిన పదమూడు ప్రశ్నలూ ఉన్నాయి. గడియారాలావిడ కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, తల్లిని దాటి పిల్ల వైపు చూసి, గదిలో ఇంకేమైనా కావాలా అని అడిగింది. బల్ల మీదికి ఒక దీపం కావాలంది పిల్ల. ఆవిడ తన బల్ల మీదున్న రెండిట్లో ఒకటి ఊడదీసి ఇచ్చింది. తల్లి ప్రశ్నలన్నీ మింగేసింది. ఒక్కటి మాత్రం గొంతు దిగలేదు. గ్యాసు ఎవరు కట్టేస్తారని అడిగింది. చివర పడుకునేవాళ్ళు అని జవాబొచ్చింది. చివర ఎవరు పడుకుంటారో అడగకుండా ఉండటానికి ఆమె చాలా కష్టపడింది.

ఐదుకు పది నిమిషాలుండగా వర్క్‌షాపులో పిల్ల ఫారం నింపుతోంది. గాలిలో తెల్లటి ప్లాస్టరు పొడి, గోడవారగా ఎవరెవరివో సగం చేసిన కాళ్ళు. అత్యవసరమైతే ముందుగా ఎవరికి తెలియజేయాలి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"నీ నంబరు రాయనా అమ్మా, వాళ్ళదా?"

తన ఊరినుంచి ఇక్కడికి రైల్లో ఏడు గంటలు. ఆ ఏడు గంటల్లో ఏమేం జరగొచ్చో తల్లి కళ్ళముందు వరసగా తిరిగింది. అన్నిట్లోనూ తను రైల్లోనే ఉంది.

"వాళ్ళదే రాయి" అంది. పిల్ల రాస్తున్నంతసేపు ఓపికపట్టి, "కింద ఖాళీ ఉంటే నాదీ వెయ్యి" అంది.