చోకా, షోకా?

కాంపౌండరుగారి పాత కారుకి పొద్దున్నే చోకు లాగందే మెలకువ రాదు. ఒకసారి అది కూడలి మధ్యలో ఆగిపోయి, వెనకవాళ్లు హారన్లతో దులిపేశాక, ఆయన భార్య మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. అందుకే కార్బరేటరు పీకించి, పెట్రోలు కొలిచి ఎక్కించే కంప్యూటరు పెట్టిద్దామని ఇద్దరూ మెకానిక్ బావమరిది షెడ్డుకి వచ్చారు.

"దీన్ని ఫ్యూయల్ ఇంజక్షన్ అంటారక్కా."

"మీ బావ ఇంజక్షనంటే మనుషులే ఆగరు, కారాగుతుందా?"

బల్లమీద రెండు పెట్టెలున్నాయి. ఒకదాన్ని ల్యాప్‌టాప్‌తో మనమే సవరించుకుంటూ ఉండాలి. కాంపౌండరుగారి కళ్లు దానిమీదే ఉన్నాయి.

"అది షోకు, బావా. రెండోది నడుపుతుంటే తనే నేర్చుకుంటుంది, నడిపేవాళ్ల కాలికి అలవాటు పడుతుంది."

"చోకు పోయి షోకొచ్చిందన్నమాట!" అని నవ్వుతూనే ఆవిడ కారెక్కి, డ్రైవరు సీటు ముందుకి జరుపుకుంది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి నెట్టేసింది.

కాంపౌండరుగారు అది చూశారు. షోకు పెట్టెను పక్కకి తోసేశారు.

"రెండోదే బిగించు. తాళం మీ అక్కకివ్వు. ఆ పెట్టె ముందు మీ అక్క కాలికే అలవాటు పడాలి."

"మళ్లీ మధ్యలో ఆగితేనో?" అందావిడ.

"పక్కసీట్లో నేనుంటాగా! హారన్ కొట్టినవాడికి నేనేస్తా ఇంజక్షను."

ఆవిడ సీటు మళ్లీ ముందుకి జరుపుకుంది.