తూకాలక్క తీసేసిన బరువు

వీధిలో ఆమెను అందరూ తూకాలక్క అంటారు. దుకాణాల్లో ఎలక్ట్రానిక్ కాటాలు తప్పు చూపిస్తే విప్పి, సరిచేసి, సీలు వేయడం ఆమె పని. గ్రాములో పదోవంతు తేడా వచ్చినా ఆ పూట ఆమెకు ముద్ద దిగదు. అలాంటి మనిషికి ఏడాదిన్నరగా తలనొప్పి. అదీ కుడివైపే. ఎడమవైపు మాత్రం పక్కింటి గొడవ వింటున్నట్టు నిమ్మళంగా ఉంటుంది.

నొప్పి పెరిగినప్పుడు కుడికన్ను ఎర్రబడి బొటబొటా కారుతుంది, ఆ పక్క ముక్కు మూసుకుపోతుంది. ముక్కు డాక్టరు సైనస్ అన్నాడు. మైగ్రేన్ అని ఇంకొకాయన మాత్రలిచ్చాడు. పళ్ల డాక్టరు ఒక పన్ను పీకి, నొప్పి కదలకపోతే రెండోదీ పీకాడు. మూడోదానికి శుక్రవారం రమ్మన్నాడు.

"ఇలా అయితే నీకు పళ్లుండవు, నొప్పి మాత్రం గట్టిగా ఉంటుంది" అని చెల్లెలు బుధవారమే ఆమెను రెక్క పట్టుకుని నరాల డాక్టరమ్మ దగ్గరికి లాక్కొచ్చింది.

తూకాలక్క భయం పళ్ల గురించి కాదు. కన్ను కారుతుంటే నగల షాపు కాటాలు సరిచేయడం కుదరదు. పోయిన నెల ఒకదానికి తప్పు సీలు వేసి, మర్నాడు ఆ తప్పు తనే కనిపెట్టి పరుగున వెళ్లి సరిచేసింది. ఇంకోసారి అలా జరిగితే పనిముట్లు కట్టిపెట్టేద్దామనుకుంది. ఆ మాట చెల్లెలికి కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ ఆమె నోటుబుక్కు తిరగేసింది. గంటగంటకూ నొప్పికి ఒక అంకె, సున్నా నుంచి పది దాకా. సున్నా, సున్నా, ఏడు, సున్నా, తొమ్మిది.

"ఎంత శ్రద్ధగా రాశారండీ! అంటే వచ్చి పోతోంది. సున్నా ఉన్న గంటల్లో అస్సలు నొప్పి ఉండదు కదా?"

"అబ్బే, మామూలుది ఉంటుంది కదండీ."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "మామూలుదంటే?"

"రోజంతా ఉండేదండీ, కుడివైపు లోపల. అది తీసేసి రాశాను. కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి, సున్నా చేసి, తర్వాత కదా సరుకు పోస్తాం. గిన్నె బరువు లెక్కలోకి రాకూడదు."

చెల్లెలు నెత్తి కొట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! డాక్టర్లందరికీ ఈ పుస్తకమే చూపించావుటే?"

"అంకెలు అడిగారు, ఇచ్చాను."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆ గిన్నె ఎంతుంటుందంటారు?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేయలేదు, తనతో సహా. తూకాలక్క కళ్లు మూసుకుంది. "మూడు. ఒక్కోసారి నాలుగు."

"ఒక్క గంటైనా దిగిందా?"

"లేదండీ."

"ఒకే పక్క, ఎడతెరిపి లేకుండా ఉంటూ, మధ్యమధ్యలో పెరిగి కన్ను కారడం. ఇది అరుదైన జబ్బు అయ్యుండొచ్చు. హెమిక్రేనియా కంటిన్యూవా అంటారు. ముందు స్కానింగు, రక్త పరీక్ష చేయిద్దాం. అవి బాగుంటే ఇండోమెథాసిన్ అనే పాత మాత్ర ఇస్తాను, కడుపుకి పడేలా ఇంకోటి కలిపి. నా అనుమానం నిజమైతే నొప్పి పూర్తిగా పోవాలి."

"సగం తగ్గితే?"

"నేను పొరబడ్డట్టే."

తప్పెక్కడ తేలుతుందో ముందే చెప్పే మనిషి చేతికి తల అప్పగించొచ్చనిపించింది తూకాలక్కకు. మూడో పన్ను నోట్లోనే ఉండిపోయింది.

పరీక్షలు బాగానే వచ్చాయి. మాత్ర మొదలుపెట్టాక రెండు రోజులు పెద్ద తేడా లేదు. మోతాదు పెంచారు. నాలుగో రోజు పొద్దున ఆమె తల దువ్వుకుంటుంటే, ఏడాదిన్నరగా నొప్పికి మధ్యలో ఆగిపోయే దువ్వెన కుడివైపు కుదుళ్ల నుంచి చివరిదాకా ఆగకుండా దిగింది. మళ్లీ దువ్వింది. మళ్లీ.

"జుట్టు ఊడొస్తుందే, ఆపు" అంది చెల్లెలు.

"నువ్వుండవే."

అంతలో డాక్టరమ్మ ఫోను. "ఎలా ఉందండీ?"

తూకాలక్క కణత, కంటి వెనక, దవడ, మెడ, ఒక్కో చోటా ఆగి చూసుకుంది. "వెతికానండీ. ఎక్కడా లేదు."

"నన్నడక్కుండా మాత్ర ఆపకండి, తిరిగొచ్చేస్తుంది. కడుపులో మంటగా ఉంటే వెంటనే చెప్పండి."

"అలాగేనండీ."

ఫోను పెట్టి, ఆ చేత్తోనే నగల షాపాయనకు కలిపింది. "మీ కాటా పంపించండి."

"కన్ను బాలేదన్నారు కదమ్మా?"

"అది పోయిన వారం సంగతి. రెండు కాటాలుంటే రెండూ పంపండి."