పూజకెక్కిన వైరు

నేను ఒక కరెంటు వైరును. అలా అంటే మా చలమేశ్వర్ గారు ఒప్పుకోరు, పవర్ కేబుల్ అనాలంటారు. బొటనవేలంత లావుంటాను. ఒంటి నిండా నల్లటి అల్లిక, రెండు కొసలకీ బంగారు పూత. పుట్టింది మాత్రం ఓ రేకుల షెడ్డులో. నా లోపలి రాగీ, పక్క బల్ల మీద ఇస్త్రీపెట్టెల వైర్లలోకి వెళ్ళిన రాగీ ఒకే చుట్టలోది. కాకపోతే నన్ను మఖమలు పెట్టెలో పడుకోబెట్టారు.

చలమేశ్వర్ గారు కాకినాడలో బీమా ఆఫీసు ఉద్యోగి. పాటలంటే ప్రాణం, పాటలు వినిపించే పెట్టెలంటే అంతకన్నా ప్రాణం. నన్ను ఆంప్లిఫయరుకి తగిలించిన రోజు కళ్ళు మూసుకుని, "వీణ తీగ మీద గోరు తగలడం కూడా వినిపిస్తోంది హైమా" అన్నారు.

"నాకు కిందటి వారం కూడా వినిపించిందండీ" అన్నారు ఆయన భార్య హైమవతి గారు.

సబ్‌స్టేషనులో బయల్దేరి, కాకులు వాలే తీగల మీదుగా ఊరంతా తిరిగొచ్చిన కరెంటుకి ఆఖరి రెండు గజాల్లో నేను స్నానం చేయించి పంపుతానని ఆయన నమ్మకం. నా మొహం. వచ్చింది వచ్చినట్టే పంపేదాన్ని.

ఆ నమ్మకం ఆయన దగ్గరే ఆగితే బాధ లేదు. ఆయన పాటలు పెట్టుకుంటే ఇంట్లో మిక్సీ తిరగకూడదు, రైస్ కుక్కరు పెట్టకూడదు. కరెంటు మురికైపోతుందట. హైమవతి గారు టీచరు, బడి నుంచి వచ్చేదే సాయంత్రం. ఆవిడ ఆకలితో వంటింట్లో చేతులు కట్టుకుని కూర్చుంటే నాకే సిగ్గేసేది. అది చాలదన్నట్టు, దసరా వెళ్ళగానే వంటింటి గోడ తొలిచి, మీటరు నుంచి పాటల కోసం విడిగా లైను లాగిస్తానన్నారు. ఆవిడ అలమరలన్నీ ఆ గోడకే ఉన్నాయి.

"ఆ గోడ జోలికి రాకండి" అని ఆవిడ. "లైను పడ్డాక విను, నీకే తెలుస్తుంది" అని ఆయన.

దసరా వచ్చింది. ఆయుధపూజకి పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు హైమవతి గారు కత్తిపీట, కత్తెర, స్కూటరు తాళం పూజలో పెట్టి, నన్నూ ఊడదీసి తెచ్చి పసుపు కుంకుమలు అద్ది, అన్నిటి మీదా బంతిపూలు కప్పారు. పూజలో పెట్టినదాన్ని మర్నాటిదాకా కదపకూడదు. పండగపూట ఆయన పాటలు ఆగిపోతాయేమోనని, రైస్ కుక్కరు వైరు తెచ్చి ఆంప్లిఫయరుకి గుచ్చారు. సరిగ్గా సరిపోయింది. పులిహోర కలిపే హడావిడిలో ఆ మాట ఆయనకి చెప్పడం మర్చిపోయారు.

సాయంత్రం ఆఫీసు మిత్రుడు పేర్రాజు గారు వచ్చారు. తనూ ఇలాంటి లైను వేయించుకోవాలా వద్దా తేల్చుకుందామని ఆయన రాక.

"ఆ మృదంగం వినండి. మన పక్కన కూర్చుని వాయిస్తున్నట్టు లేదూ? అంతా వైరు మహిమేనండి" అన్నారు చలమేశ్వర్ గారు.

"అవునండోయ్. ఏదండీ ఆ వైరు, ఓసారి చూపించండి మరి."

చలమేశ్వర్ గారు ఆంప్లిఫయరు స్టాండు వెనక్కి వంగారు. వంగినవారు లేవలేదు. అక్కడ గంజి మరకలతో సన్నటి వైరు వేలాడుతోంది. నేను పూజ పీట మీద బొట్టు పెట్టుకుని కూర్చున్నాను.

"హైమా, నా వైరేదీ?"

"పూజలో ఉందండీ. ఇంట్లో దానంత గొప్ప వస్తువు లేదని మీరేగా అన్నారు. రేపటిదాకా తియ్యకూడదు" అన్నారావిడ, నిజంగానే అమాయకంగా.

పేర్రాజు గారు పులిహోర నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు.

గోడ బతికింది. ఇప్పుడు సాయంత్రాలు హాల్లో పాట నడుస్తుంటే వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. అలిగిన చలమేశ్వర్ గారు నన్ను మళ్ళీ ముట్టుకోలేదు. హైమవతి గారు నన్ను కుక్కరుకి తగిలించుకున్నారు. ఇక్కడ నా వల్ల ఎవరికో ఆకలి తీరుతోంది, అదే సంతోషం. ఇకనైనా నన్ను మామూలు వైరులా చూస్తారని కుదుటపడ్డాను.

నిన్న పక్కింటావిడ కుక్కరు మూత తీసి, మెతుకు నలిపి చూసి, ఏం బియ్యమని అడిగింది.

"బియ్యం ఎప్పుడూ వండేవేనండీ" అన్నారు హైమవతి గారు గొంతు తగ్గించి. "ఈ వైరు పెట్టిన దగ్గర్నుంచీ అన్నం మల్లెపువ్వులా వస్తోంది."