అడుగుల కావలి

దొంగలు లేని దేశంలో కావలివాడి బతుకు ఎంత కష్టమో పర్శరాములుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఊళ్ళోవాళ్ళు దుబాయ్ అని పిలిచే గల్ఫు దేశంలో, బనియాస్ అనే ఊరు దాటాక ఎడారిలోకి తిరిగే మట్టిరోడ్డు పక్కన ఒక కట్టుబడి కంపెనీ వారి సామాన్ల యార్డు ఉండేది. ఇనుప చువ్వలు, సిమెంటు బస్తాలు, కిటికీ చట్రాలు, రాగితీగ చుట్టలు. చుట్టూ కంచె, ఒక మూల కూలీల రేకుల క్యాంపు. పర్శరాములు ఆ యార్డుకు నాటూరు, అంటే కావలివాడు. ఆ పనిలో చేరి ఏడాదయింది. ఈ ఏడాదిలో యార్డులోంచి ఒక్క మేకు కూడా పోలేదు. మొదట్లో అదంతా తన ప్రతాపమే అనుకుని మీసం దువ్వుకున్నాడు. కొన్నాళ్ళకు అసలు సంగతి బోధపడింది. ఎనభై ఒకటో సంవత్సరం నాటి ఆ చోట, దుకాణందారు నమాజుకు పోతూ గల్లాపెట్టె మీద ఒక తుండుగుడ్డ కప్పి పోయేవాడు. తిరిగి వచ్చేసరికి గుడ్డ మడత కూడా చెదిరేది కాదు.

యార్డు ముదీరు, అంటే మేనేజరు, ప్రాక్టర్ దొర ఇంగ్లండులో ఏదో చిన్న ఊరివాడు. ఆ ఊళ్ళో అచ్చయ్యే వారపత్రిక ఒకటి పోస్టులో ఆయనకు వచ్చేది. దొర మిగతా పేజీలన్నీ వదిలేసి పోలీసు వార్తలు మాత్రం పైకి చదివేవాడు. వాటిని డ్రైవరు సనావుల్లా సాయంత్రం క్యాంపుకు మోసుకొచ్చేవాడు. సనావుల్లాది కడప. ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ మూడూ సగం సగం వచ్చు. ఆ మూడు సగాలతోనే అందరి పనులూ నడిపించేవాడు.

"ఈ వారం దొరోళ్ళ ఊళ్ళో రెండు సైకిళ్ళు పోయినాయప్పా. తెల్లారి గడప ముందర పెట్టిన పాలసీసాలు పోయినాయి. సర్చి కప్పు మీద సీసం రేకుంటే అది గూడా పెరుక్కోని పోయినారంట."

"గుడి కప్పు గూడ ఇడ్వరా?" అని పర్శరాములు గదిలోనే ఉండే కూలీ పోశయ్య చెంపలేసుకునేవాడు. "దొరల ఊర్లె గూడ గింత అన్యాలమా?"

అందరూ పడీ పడీ నవ్వేవారు. తాతలు ఏ పాలకుల పేరు చెప్తే వణికేవారని చిన్నప్పుడు విన్నారో ఆ జాతి ఊళ్ళో పాలసీసాకు దిక్కు లేదంటే ఎవరికి నవ్వు రాదు? అందరికంటే గట్టిగా పర్శరాములే నవ్వేవాడు. ఆ నవ్వు తన కంచం దాకా వస్తుందని పాపం అతనికేం తెలుసు?

ఒక గురువారం సనావుల్లా నవ్వకుండా వచ్చాడు.

"రాములన్నా, దొర లెక్క తీసినాడప్పా. వాళ్ళ ఊరూ ఈ బనియాసూ ఒకటే అంత ఉంటాయంట. ఆడ ఏడాదికి వందల దొంగతనాలు, ఈడ సున్నా. సున్నాకు నాటూరెందుకు అని అడుగుతాండాడు. నెలాఖరుకు నీకు ఖలాస్ అంట. టికెట్టు తీస్తారంట."

పర్శరాములు ఏడుపు ముఖం పెట్టాడు. ఊరికి పోవడానికి ఎవరైనా ఏడుస్తారా అంటే, అతని సంగతి వేరు. అతను జగిత్యాల వైపు తాళ్ళెక్కి, అంటే తాటిచెట్లెక్కి, కల్లు గీసే గౌండ్ల మనిషి. నడుముకు మోకు బిగించాడంటే ఎంత పొడుగు తాడైనా పాకిపోయేవాడు. ఆ ధైర్యంతోనే ఇక్కడికి వచ్చి ఎత్తైన పరంజాల మీద పని చేశాడు. నిరుడు పరంజా నుంచి పడ్డాడు. ఎడమ మోకాలు అతుక్కుంది గాని వంగదు. కంపెనీవాళ్ళు జాలి తలచి కావలికి పెట్టారు. ఊళ్ళో చంద్రవ్వ, ముగ్గురు పిల్లలు ఈ కావలి జీతం మీదే బతుకుతున్నారు. వంగని మోకాలితో తాడెక్కలేడు, నాగలి పట్టలేడు. ఈ భూమ్మీద అతను చేయగల పని ఒక్కటే మిగిలింది, కూర్చుని కాపలా కాయడం. అది ఈ యార్డులోనే ఉంది.

ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. దొంగ ఒక్కడంటే ఒక్కడు వచ్చిపోతే చాలునని మొక్కుకున్నాడు. తెల్లవారేసరికి ఆ దొంగ ఎవరో కూడా తేలిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంపు ఖాళీ. కొందరు మసీదుకు, కొందరు బజారుకు పోయారు. పోశయ్య ఒక్కడే గదిలో గురక పెడుతున్నాడు. పర్శరాములు గడప ముందున్న చెప్పుల్లో కాళ్ళు పెట్టి, ఒక రాగితీగ చుట్ట భుజానికెత్తుకున్నాడు. కంచె వదులుగా ఉన్న చోట తీగ పైకెత్తి దూరి, ఇసుకలో నడిచి, రోడ్డు దాటి అవతలి కంకర కుప్పలో దాన్ని పూడ్చాడు. గట్టి రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి గేటులోంచి లోపలికొచ్చాడు. చెమటలు కారిపోయాయి. అయినా లోపల ఒక ఉషారు. దొర గోల చేస్తాడు, పుస్తకంలో రాసుకుంటాడు, నాటూరు ఉండాల్సిందే అంటాడు. నాలుగు రోజులయ్యాక చుట్ట కంకరలో దొరుకుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఇదీ అతని లెక్క.

శనివారం పొద్దున్నే "చోరీ, చోరీ" అని అరిచాడు. దొర ముఖం చూడాలి! సొంత ఊరు నడిచి వచ్చినంత సంబరపడ్డాడు. కాని రాసుకోలేదు. పోలీసులకు ఫోను చేశాడు.

జీపులో అధికారి, ఇద్దరు పోలీసులు వచ్చారు. యార్డు లోపల వందమంది తొక్కిన నేల, అక్కడేమీ లేదు. కంచె బయట మాత్రం ఎవరూ నడవని మెత్తటి ఇసుక. దాని మీద రోడ్డు దాకా అడుగులు, నిన్న అచ్చు వేసినవి వేసినట్లే ఉన్నాయి. మడమ కింద టైరు ముక్క కుట్టిన చెప్పు. అధికారి వంగి చూసి, తిన్నగా గదుల ముందున్న చెప్పుల దగ్గరికి నడిచాడు. ఒక జత తిరగేసి ఎత్తి పట్టుకున్నాడు.

"ఎవరివి?"

"నాయే సార్," అన్నాడు పోశయ్య, పోయిన వస్తువు దొరికినవాడిలా ముందుకొచ్చి.

పర్శరాములు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నిన్న తాను ఎవరి చెప్పులేసుకున్నాడో అతనికి అప్పటిదాకా తట్టనే లేదు. గడప ముందు విడిచిన చెప్పులకు క్యాంపులో సొంతదారు ఎవడు? ఏ జత అందితే ఆ జతలో కాళ్ళు పెట్టి పోవడమే. పైగా కాలు విరిగినప్పటి నుంచీ వాచిన పాదానికి పోశయ్య చెప్పులే వదులుగా సరిపోయేవి. ఆ నెలలన్నీ పోశయ్య అతన్ని వీపున వేసుకుని దొడ్డికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు వీపు మీంచి దింపి, నడిచి చూడమని తన చెప్పులే తొడిగాడు.

నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావని అధికారి అడిగాడు. నిద్రపోయానన్నాడు పోశయ్య. చూసినవాళ్ళెవరు? ఎవరూ లేరు.

చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అని పర్శరాములు నోరు తెరిచాడు. ఆలోగా సనావుల్లా అధికారి మాటలు తెలుగులో చెప్పాడు.

"భయపడొద్దు పోశన్నా. అడుగులు సూసే ముసలాయన ఒకడున్నాడంట, ఎడారిలో ఒంటెలు మేపే బద్దూ మనిషి. ఒంటె అడుగు సూసి అది సూడిదో కాదో సెప్తాడంట. పొద్దు వాలినాక అసరు నమాజు యాళకు ఆయన్ను తోలుకొస్తారు. అడుగు నీది కాదంటే ఇడిసిపెడ్తారు. అడుగులు సెదిరిపోతే మాత్రం సెప్పులే సాచ్చెం అంటాండారు."

పోలీసులు నాలుగు మంచి అడుగులు ఎంచి, వాటి మీద సిమెంటు తట్టలు బోర్లించారు. అధికారి చుట్టూ చూసి పర్శరాములు వైపు వేలు చూపాడు. నాటూరువి కదా, వీటిని కాయి అన్నాడు.

వట్టి కాళ్ళతో జీపెక్కుతూ పోశయ్య వెనక్కి తిరిగాడు. "రాములూ, మంచిగ సూడురా. నా బతుకు ఆ తట్టల కిందనే ఉన్నది. నువ్వున్నవు గద, నాకేం రందిలేదు."

జీపు పోయింది. దొర వచ్చి పర్శరాములు భుజం తట్టాడు. ఇకనుంచి ఒకడు కాదు, ఇద్దరు నాటూర్లు ఉంటారని సనావుల్లా చేత చెప్పించాడు. నిన్నటిదాకా దేనికోసం దేవుళ్ళను మొక్కాడో అది చేతికొచ్చింది. అది పుచ్చుకుని పర్శరాములు ఎండలో తట్టల పక్కన కూలబడ్డాడు.

కూర్చోలేకపోయాడు. లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. కంకర కుప్పలోంచి చుట్ట తీసి దొరికిందని చెప్తే? పూడ్చింది ఎవరంటే మళ్ళీ పోశయ్య చెప్పులే. పారిపోతే? పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది, కాలు చూస్తే ఇలా ఉంది. ముసలాయన గుర్తు పట్టలేకపోతే? తట్టలు ఒక్కొక్కటే పైకెత్తి చూశాడు. కుడి అడుగు నిండుగా దిగింది. ఎడమది పక్కకు ఒరిగి, వేళ్ళ వైపు ఇసుకను గీరుకుంటూ పోయింది. పరంజా మీంచి పడ్డాక తన నడక తానెప్పుడూ చూసుకోలేదు. కొంచెం కుంటుతున్నానేమో అనుకున్నాడు గాని, ఇంత కుంటుతున్నానని తెలియదు. బద్దూ ముసలాయన దాకా ఎందుకు, తన నడక ఎరిగిన పిల్లవాడైనా చెప్తాడు.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది.

ముందు సన్నగా, కాళ్ళ దగ్గర ఇసుకను పాకిస్తూ. తర్వాత కంచె తీగలు మోగాయి. తట్టలు గడగడలాడాయి. పర్శరాములు వాటిని చూస్తూ ఉండిపోయాడు. తాను ఏ పాపమూ చేయనక్కర లేదు. కూర్చుంటే చాలు. గాలి తన పని చేసుకుపోతుంది, అడుగులు పోతాయి, గాలిని ఎవరేమంటారు? లోపల ఎక్కడో హాయిగా ఊపిరాడింది. అలా ఆడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఏడాదిగా కావలివాడినని చెప్పుకుని జీతం తిన్నాడు. నిజంగా కాయాల్సింది ఈ ఏడాదిలో ఇవాళే ఒకటి దొరికింది, అది తన మెడకే ఉరి.

ఒక తట్ట ఎగిరి కంచెకు కొట్టుకుంది. కింది అడుగు చూస్తుండగానే సగం పూడింది.

"పోశన్నా," అని గట్టిగా కేక పెట్టాడు, ఎవరికీ వినపడదని తెలిసీ. ఆ కేకతో లేచాడు. మిగిలిన తట్టల మీద రాళ్ళు పెట్టాడు. టార్పాలిన్ ఈడ్చుకొచ్చి గాలివైపు అడ్డం కట్టబోతే, అది చేతుల్లోంచి పీక్కుపోయింది. సిమెంటు బస్తాలు ఒక్కొక్కటే కుంటుకుంటూ మోసుకొచ్చి గోడలా పేర్చాడు. అయినా అంచుల్లోంచి ఇసుక దూరుతోంది. చివరికి తానే గాలికి వీపు పెట్టి, మూడు తట్టలనూ రెండు చేతులతో పొదువుకుని పడుకున్నాడు. కళ్ళలో, చెవుల్లో, పళ్ళ సందుల్లో ఇసుక. ఏడుస్తున్నాడో, కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయో అతనికే తెలియదు.

జీపు వచ్చేసరికి గాలి తగ్గుముఖం పట్టింది. పోశయ్యను దింపారు. వెనకాల గడ్డం నెరిసిన బక్క ముసలాయన దిగాడు. ఎవరి ముఖమూ చూడలేదు. తట్ట తీయించి గొంతుక్కూర్చుని, ఎడమ అడుగు పక్కన వేలితో ఇసుకను తాకాడు. తర్వాత తలెత్తి చుట్టూ నిలబడ్డవాళ్ళ పాదాలను వరసగా చూడసాగాడు.

ఆ చూపు తన దాకా వచ్చేలోపే పర్శరాములు కదిలాడు. ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి, తట్ట కింది అడుగు పక్కనే తన ఎడమ పాదం మోపి నిలబడ్డాడు.

"సనావుల్లన్నా, చెప్పు. గవి నా అడుగులే. చెప్పులు పోశన్నయి, ఏసుకున్నది నేను. తీగ గా కంకరల ఉన్నది. నౌకరి పోతదని జేసిన."

సనావుల్లా అతని చెయ్యి పట్టుకుని పక్కకు లాగబోయాడు. "తిక్క పట్టిందా నీకు? ఆగు, నేను యేరేగా సెప్తా..."

"ఉన్నదున్నట్టు చెప్పే."

చెప్పాడు. ముసలాయన ముందే తెలిసినట్టు తలాడించి బట్టల ఇసుక దులుపుకున్నాడు. అధికారి బస్తాల గోడను, ఒళ్ళంతా ఇసుక పట్టిన పర్శరాములును మార్చి మార్చి చూశాడు. గాలికి వదిలేస్తే పోయేదానికి ఇంత అవస్థ ఎందుకు పడ్డావని అడిగాడు. ప్రాక్టర్ దొర సంబరం చప్పున చల్లారిపోయింది. అంటే ఇక్కడ దొంగలు లేనట్టేనన్నమాట అని గొణుక్కుంటూ ఆఫీసు గదిలోకి పోయాడు. జైలో, విమానమో, ఏదైతేనేం, దుబాయ్ ముచ్చట మాత్రం ముగిసింది.

పర్శరాములును జీపెక్కించారు. పోశయ్య ఒక్కసారిగా ఉరికొచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

"నాతోని ఒక్క మాట అనకపోతివేందిరా? నౌకరి పోతె పోయేది. నా జీతంల సగం చంద్రవ్వకు పంపకపోదునా? నీ పోరగాండ్లు నాకు కారా? ఈపున మోసినోన్ని, బువ్వ పెట్టకపోదునారా నీకు?"

దొరను, కాలును, గాలిని, ఇన్నింటిని లెక్క కట్టిన పర్శరాములుకు ఈ ఒక్క లెక్క తట్టనే లేదు. అడిగితే సరిపోయేది. అంత చిన్న సంగతి. అతనికి ఏడుపు ఆగలేదు.

జీపు కదిలింది. పోశయ్య చొక్కా వదలలేక, మండే ఇసుకలో వట్టి కాళ్ళతో పక్కనే పరుగెత్తాడు. చెయ్యి జారాక కూడా నోటికొచ్చిన తిట్లు తిడుతూ వెనకాల వచ్చాడు. ఆ తిట్లు వినిపించినంత దూరం పర్శరాములు తల బయటకు పెట్టి అటే చూస్తూ కూర్చున్నాడు.