రెండు బండ్లకు ఒక్క సెల్ఫ్

నేను ఒక సెల్ఫ్ మోటారును. డ్రైవరు తాళం తిప్పగానే ఇంజన్‌ను ఒక్క కుదుపు కుదిపి నిద్రలేపడం నా పని. అది లేచాక నాతో ఎవరికీ అవసరం లేదు. పెళ్ళి కుదిర్చిన పేరయ్యను పందిట్లో ఎవరు పట్టించుకుంటారు?

మద్రాసు పక్క ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నా కడుపులో రాగి తీగ చుట్టిన ఆడమనిషి నా గురించి ఏమీ అనుకోలేదు. షిఫ్టు ఎప్పుడు అయిపోతుందా అనుకుంది. వస్తువులను ప్రేమతో చేస్తారన్నది కొనుక్కునేవాళ్ళు చెప్పుకునే మాట.

అక్కణ్ణించి ఒక ఫైరింజన్‌లో పడి, శ్రీకాకుళం వైపు ఒక చిన్న టౌనుకు వచ్చాను. కొన్నేళ్ళకు ఆ బండి కాలువలో బోల్తాపడింది. వేలంవాళ్ళు దాన్ని లాక్కుపోయే ముందు మెకానిక్ తవిటయ్య కిందికి దూరి నన్ను విప్పుకున్నాడు. "నువ్వు రాయే. అది సచ్చిందని నువ్వూ సావాలా?" అన్నాడు. అతను ఇనుముతోనే ఎక్కువ మాట్లాడేవాడు. మనుషులతో మాట్లాడి బాగుపడింది లేదు.

తవిటయ్య పనిచేసే ఫైర్ స్టేషన్లో ఇంకా రెండు బండ్లున్నాయి. రెండూ ఒకే కంపెనీవి, రెండింటి సెల్ఫులూ కాలిపోయాయి. ఉన్నది నేనొక్కదాన్ని. ఇంకొక సెల్ఫ్ ఇప్పించండి సార్ అని తవిటయ్య వచ్చిన ప్రతి ఆఫీసరునూ అడిగాడు. "పైకి రాశాం" అన్నారు అందరూ. ఆ ఆఫీసులో ఆ మాట తుమ్మితే చిరంజీవ అన్నట్టు వచ్చేస్తుంది.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. నేనున్న బండి షెడ్డులో ఉంటుంది. సెల్ఫ్ లేని బండిని వెనక మట్టిగట్టు మీద ముక్కు కిందికి పెట్టి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెడతారు. ఫోనొస్తే రాళ్ళు తీసేయడమే. బండి పల్లానికి దొర్లుతుంది, గేరు వేసి క్లచ్ వదిలితే అంటుకుంటుంది. దాన్ని నడిపే జగ్గారావు ఎక్కడికి వెళ్ళినా ముందు పల్లం వెతుక్కునేవాడు. "ఊల్లో పల్లమెక్కడున్నాదో పంచాయితీ వోల్లకి తెల్దు, నన్నడగండి. నా పెల్లాం కూడా ఇంత ముక్కెం కాదు నాకు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. తవిటయ్య నవ్వేవాడు కాదు. ఎండాకాలం పూరిళ్ళు అంటుకున్నాయంటే రెండు బండ్లూ కావాలని అతనికి తెలుసు.

ఆ ఎండాకాలం జిల్లా నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడన్నారు. ఈసారి ఆయనకే నేరుగా చెబుతాను, గట్టు మీద బండిని చూపిస్తాను అన్నాడు తవిటయ్య. స్టేషనాఫీసరు మురళీధర్ గారి మొహం మాడిపోయింది.

"చూపించి? స్టేషన్ సగం చచ్చిందని చెబుతావా? నా ప్రమోషన్ మాట అలా ఉంచు, వచ్చే ఏడు నీ కాంట్రాక్టు ఎవరు పొడిగిస్తారయ్యా?"

"మరెలగ సార్? ఆయన తాలం తిప్పమంటే రెండూ స్టార్టవ్వాల కదా?"

"అవుతాయి. మొదటిది స్టార్ట్ చేసి చూపిస్తాం. ఆయన లోపల మజ్జిగ తాగుతుంటే నువ్వు సెల్ఫ్ విప్పి రెండోదానికి బిగించు. అంతే."

తవిటయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. ఇంట్లో తినే నోళ్ళున్నవాడు ఎంతసేపని గోక్కుంటాడు? "సరే గానీ సార్, మొదటి బండి ఒక్కపాలి లేసాక ఆపకండి. తిరగతా ఉండగానే విప్పుకుంటాను. ఫోనొస్తే ఎల్లడానికి అదొక్కటైనా ఉంతాది" అన్నాడు.

తనిఖీ రోజున ముంగిట సున్నం గీత గీశారు, ముగ్గు వేశారు, బండ్లకు బంతిపూల దండలు కట్టారు. నీళ్ళు నిండిన రెండు బండ్లనూ చదును నేల మీద వరసగా నిలబెట్టారు. గట్టు మీద బండి పెద్దమనిషి కంటికి ఎబ్బెట్టుగా ఉంటుందట.

పెద్దాఫీసరు వచ్చాడు. ఆ రోజు మొదటి బండి ఎక్కిన జగ్గారావు తాళం తిప్పాడు, నేను కుదిపాను, ఇంజన్ లేచింది. నల్లటి పొగ ఆయన తెల్లచొక్కా మీదికి వెళ్ళింది. "బాగుంది, బాగుంది. ఆపండయ్యా, ఊపిరాడట్లేదు" అన్నాడు. మురళీధర్ గారు చెయ్యి ఊపారు. జగ్గారావు తవిటయ్య వైపు చూశాడు. తవిటయ్య నేల వైపు చూశాడు. ఇంజన్ ఆగింది.

వాళ్ళు మజ్జిగకు లోపలికి వెళ్ళగానే తవిటయ్య కింద దూరి నన్ను విప్పాడు. రెండో బండి కింద పడుకుని ఒక బోల్టు ఎక్కించాడో లేదో, గంట మోగింది. ఏటిగట్టు పేటలో పూరిళ్ళు అంటుకున్నాయి.

మజ్జిగ గ్లాసుతోనే మురళీధర్ గారు బయటికి పరుగెత్తుకొచ్చారు. పెద్దాఫీసరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. రెండు ఎర్ర బండ్లు, పూలదండలతో, రెండూ శవాలు.

"తొయ్యండి!" అని అరిచారు.

పదిమంది మొదటి బండిని తోశారు. నీళ్ళతో నిండిన ఫైరింజన్ చదును నేల మీద కదులుతుందా? అంగుళం కదల్లేదు.

"నీళ్ళు వదిలేయండి! తేలికవుతుంది!"

రెండో బండి కిందనుంచి తవిటయ్య తల బయటపెట్టాడు. "నీల్లొదిలేసి ఏటట్టుకెల్తారు సార్? పావుగంట ఇవ్వండి, బిగించెత్తాను!"

"పావుగంటసేపు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడమంటావా? ముందు బండి గేటు దాటాలి!"

కాక్ తిప్పేశారు. ట్యాంకు నీళ్ళన్నీ ముంగిట్లో పారాయి. సున్నం గీతా ముగ్గూ కొట్టుకుపోయాయి. అప్పుడు బండి కదిలింది, దగ్గింది, అంటుకుంది. గంట కొట్టుకుంటూ గేటు దాటింది. లోపల గుక్కెడు నీళ్ళు లేవు.

తవిటయ్య నన్ను బిగించి తాళం తిప్పించాక రెండో బండి నిండు ట్యాంకుతో వెళ్ళింది. పేటకు చేరేసరికి ఒక వరస మొత్తం బూడిదైంది. మనుషులు బయటపడ్డారు, మిగిలిందేమీ లేదు. ఏరు ఎండిపోయి ఇసుక. మొదటి బండి ఆ ఇసుక పక్కన పూలదండతో నిలబడి ఉంది. జగ్గారావు ఇంజన్ ఆపలేదు, అక్కడ పల్లం లేదు మరి. కాలిన మంచం కోడు చేత్తో పట్టుకున్న ఒక ముసలమ్మ అతన్ని నిలదీసింది. "నీల్లు నేని బండి ఏటికి తెచ్చినావు నాయినా? గంట ఇనిపించడానికా?"

జగ్గారావు ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు. ఆ రోజు దిగి బండికున్న పూలదండ తెంపేశాడు.

విచారణకు ఇద్దరు వచ్చారు. సెల్ఫ్ ఉన్నట్టుండి ఫెయిలయిందని మురళీధర్ గారు చెప్పారు. ఒక్కటే ఉందని పెద్దాఫీసరుకు కూడా అప్పటికి తెలిసే ఉంటుంది. కానీ తనిఖీ చేసి బాగుందన్నది ఆయనే కదా. వాళ్ళు తవిటయ్యను పిలిచారు. అతను విప్పి బల్ల మీద పెట్టిన నన్ను చూశాడు, గుమ్మంలో నిలబడ్డ మురళీధర్ గారిని చూశాడు.

"అవును బాబూ" అన్నాడు. "సెడిపోనాది."

ఇంకేం, తొలివానలు పడకముందే అట్టపెట్టెల్లో రెండు కొత్త సెల్ఫులు దిగాయి. ఇన్నేళ్ళు నిజం చెప్పి అడిగితే ఒక్కటి రాలేదు. ఒక్క అబద్ధానికి జంట వచ్చాయి. ఇప్పుడు గట్టు మీద బండి లేదు, గడ్డి మొలిచింది. మంచిదే. ఇళ్ళు కాలినవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

నేను షెడ్డు వెనక తుక్కులో ఉన్నాను. వైరు తగిలిస్తే ఈ క్షణం తిరుగుతాను. మనుషులకు ఏదైనా చెడిపోయిందంటే ఊరట. చెడింది తాము కాదని తేలిపోతుంది.

ఇక్కడ పడేసే ముందు, నా ఒంటి మీద 'పనికిరాదు' అని రాయమని తవిటయ్యకే చెప్పారు. అతను ముందు నన్ను కిరసనాయిలుతో కడిగాడు. గుడ్డతో తుడిచి, నా పళ్ళకు ఒక్కొక్కదానికీ గ్రీజు పెట్టాడు.

"తుక్కులోకెల్లీదానికి గ్రీజేటిరా?" అన్నాడు జగ్గారావు.

తవిటయ్య బ్రష్ అందుకున్నాడు. తెల్ల పెయింటుతో అక్షరాలు కూడబలుక్కుంటూ రాశాడు. పెయింటు ఆరేదాకా నన్ను ఒళ్ళోంచి దించలేదు.